ఇద్దరికీ వేసిన ఓటు

నాన్న పొడి మేజోళ్ళ కోసం ఇంట్లోకి వచ్చాడు. పడవల షెడ్డులో పడుకోవడం మొదలుపెట్టిన ఈ పదకొండు రోజుల్లో ఆయన గుమ్మం దాటి రావడం ఇది మూడోసారి. మూడుసార్లూ మేజోళ్ళ కోసమే.

వంటింట్లో అమ్మ రెండు పెనాలు పెట్టి పల్చటి తీపి అట్లు పోస్తోంది. పోలింగ్ రోజు ప్రతి పార్టీ ఊరందరికీ కాఫీ పెడుతుంది. ఎదుటి పార్టీకి ఓటు వేసి వచ్చినవాళ్ళు కూడా దర్జాగా కూర్చుని తింటారు. అట్టు మందంగా ఉంటే ఆ మాట మొహం మీదే చెప్పి మరీ వెళ్తారు. అందుకని అమ్మ పొద్దున ఆరింటి నుంచి పొయ్యి దగ్గరే ఉంది.

"ఉన్నుర్, నా నీలం మేజోళ్ళు ఎక్కడున్నాయో మీ అమ్మని అడుగు," అన్నాడు నాన్న. అమ్మ ఆయనకి రెండడుగుల దూరంలో ఉంది.

"హీటర్ మీద ఆరుతున్నాయని చెప్పు," అంది అమ్మ.

ఇద్దరికీ వినబడింది కదా అని నేను ఊరుకున్నాను. కానీ నాన్న కదల్లేదు. చివరికి, "హీటర్ మీద," అన్నాను. అప్పుడు వెళ్ళి తీసుకున్నాడు.

మా చిన్న రేవు ఊరు స్కెల్యావీక్‌లో మొత్తం మూడు వందల పన్నెండు మందిమి. నాన్న షెడ్డులో ఎందుకు పడుకుంటున్నాడో అందులో మూడు వందల పన్నెండు మందికీ తెలుసు.

అమ్మ పేరు హాల్దిస్. ఊరికి నర్సు. ఈసారి పార్లమెంటు ఎన్నికల్లో తన పార్టీ జాబితాలో మూడో పేరు ఆమెదే. వచ్చిన ఓట్లని బట్టి జాబితాలో పైనుంచి వరసగా సీట్లు దక్కుతాయి. మొదటి రెండు సీట్లు ఎలాగూ వస్తాయి, మూడోదే ఊగుతూ ఉంటుంది. పోయినసారి పదకొండు ఓట్ల తేడాతో, యూరప్ వద్దనే పాత పార్టీ దాన్ని తన్నుకుపోయింది. ఈసారి అమ్మ పార్టీ ఒక మాట ఇచ్చింది. 'యూరప్ దేశాల కూటమిలో చేరే చర్చలు సాగాలా, ఆగాలా? గెలిస్తే ఏడాదిలోగా మీ అందరినీ ఓటు వేసి చెప్పమంటాం.' ఈ మాటని ఒక కాగితం మీద అచ్చేసి ఇంటింటికీ పంచారు. కాగితం మీద బొమ్మగా నాన్న చేపల పడవ స్వాలాని వేశారు. ఫొటో అమ్మ తీసిందే. నాన్నని అడగకుండా ఇచ్చేసింది.

మర్నాడు నాన్న రేవుకి వెళ్ళేసరికి స్వాలా పక్క మీద ఎవరో పసుపు నక్షత్రాలు వేసిపోయారు, యూరప్ జెండా మీద ఉన్నట్టు గుండ్రంగా. పన్నెండు ఉండాలి, పదకొండే ఉన్నాయి. పన్నెండోదానికి చోటు చాలలేదో, ఎవరైనా వస్తుంటే పారిపోయారో. రేవులో అందరూ నవ్వారు. నాన్న పేరెత్తి, స్టెయినార్ పడవకి కొత్త దేశం వచ్చిందన్నారు. యూరప్ మాట ఎత్తితే చాలు, మన చేపల లెక్క మన సముద్రం చూడనివాడు చెప్పడమేంటి అని మండిపడే మనిషి మా నాన్న.

నిజానికి ఆయన ఇల్లు వదిలింది నక్షత్రాల వల్ల కాదు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర నాన్న ఒక్కటే అడిగాడు. రేపు ఆ యూరప్ ఓటు వస్తే నువ్వు ఎటు వేస్తావ్, అని. అది జనం చెప్పాల్సిన మాట అంది అమ్మ.

"నేను జనాన్ని అడగలేదు. నిన్ను అడిగాను."

అమ్మ బంగాళాదుంప తొక్క తీస్తూ కూర్చుంది. తొక్క అంతా అయిపోయినా చాకు ఆపలేదు. నాన్న దుప్పటి చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇవాళ కూడా ఆయన మేజోళ్ళు జేబులో కుక్కుకుని గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. అమ్మ ఏమైనా అంటుందని ఆగాడో, బూటు లేసు వదులైందో నాకు తెలియలేదు. ఎడమ పెనం మీద అట్టు మాడింది. మా ఇంట్లో అట్టు మాడటం నేను ఎప్పుడూ చూడలేదు.

తాతయ్య థోర్లాక్ మెట్లు దిగి వచ్చేసరికి నాన్న వెళ్ళిపోయాడు. తాతయ్య పెళ్ళిళ్ళకీ చావులకీ ఓటుకీ మాత్రమే తీసే నల్ల కోటు వేసుకున్నాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన తీరం కాపలా ఓడ మీద పనిచేశాడు. మన నీళ్ళలోకి వచ్చిన పరదేశీ పడవల వలతాళ్ళు కోసి వదిలేవాళ్ళట. అప్పట్నుంచీ పాత పార్టీయే. అయితే పార్టీ ఏం చెప్తే దానికి తలాడించే రకం కాదు. మా దగ్గర ఓటు పార్టీ జాబితాకి వేస్తాం. వేసేటప్పుడు ఆ జాబితాలో నచ్చనివాడి పేరు మీద గీత కొట్టొచ్చు, నచ్చినవాడి పేరు ముందు 1 అని వేసి పైకి ఎక్కించొచ్చు. కొండకి సొరంగం తొలిపిస్తానని తొలిపించని మంత్రి పేరు మీద తాతయ్య వరసగా మూడు ఎన్నికల్లో గీత కొట్టాడు. ఆ గీతల గురించి ఇప్పటికీ పెద్ద చేప పట్టినట్టు చెప్తాడు.

మాడిన అట్టు తీసుకుని తింటూ అమ్మ వైపు చూసి, "కోడలికి అన్యాయం చెయ్యను, పార్టీకీ చెయ్యను. నువ్వేం బెంగ పెట్టుకోకు," అన్నాడు.

అమ్మ నవ్వి, మెడ దగ్గర ఆయన టై సరిచేసింది. ఆ మాట ఏమిటో మాలో ఎవరమూ ఆలోచించలేదు.

*

అమ్మ నోరు విప్పకపోవడానికి కారణం నేనే. ఇది ఇంట్లో ఎవరికీ తెలియదు.

మా ఊరి రాజకీయం అంతా ఈతకొలను పక్కన ఉండే వేడినీళ్ళ తొట్టిలో జరుగుతుంది. బయట మంచు పడుతున్నా అందులో మెడదాకా మునిగి కూర్చుంటారు. కొలను చూసుకునే రాగ్నా సబ్బుతో ఒళ్ళు రుద్దుకోనివాళ్ళని లోపలికి రానివ్వదు, మంత్రైనా సరే. నేను రోజూ బడి అయ్యాక వెళ్తాను. ఎక్కువ మాట్లాడను కాబట్టి నేనున్నట్టు ఎవరూ అనుకోరు. ఆవిరిలో కూర్చుని వింటాను. ఇంటికొచ్చి నోటుబుక్కులో రాసుకుంటాను.

యూరప్ సంగతి మీరే చెప్పండని అడుగుతామంటూ మాట ఇస్తే ఓట్లు వస్తాయా అని నాకు ఆశ్చర్యంగా ఉండేది. అడగడం అంటే ఏమీ ఇవ్వడం కాదు కదా. రోడ్డు వేస్తామంటే రోడ్డు వస్తుంది. డాక్టర్ని పంపిస్తామంటే డాక్టరు వస్తాడు. మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాం అంటే ఎవరైనా సంతోషిస్తారా?

సంతోషించారు. అందుకే నోటుబుక్కులో మనిషికో గీత చొప్పున లెక్క పెట్టడం మొదలుపెట్టాను. మూడు వారాల్లో ముప్ఫై నాలుగు మంది మాటలు విన్నాను. యూరప్ కావాలనేవాళ్ళు పన్నెండు మంది, వాళ్ళంతా అమ్మకే. వద్దనేవాళ్ళు ఇరవై రెండు. వింత ఏమిటంటే, ఆ ఇరవై రెండు మందిలో తొమ్మిది మంది హాల్దిస్‌కి వేస్తాం అన్నారు. తాతయ్య స్నేహితుడు హ్రోల్ఫ్ అయితే నీళ్ళలో చెయ్యి కొట్టి మరీ చెప్పాడు. అడిగితే కదా వద్దనేది, ఎవరూ అడగకపోతే నా 'వద్దు' నా దగ్గరే మురిగిపోతోంది అన్నాడు.

ఆ లెక్క అమ్మకి చూపించాను. అమ్మ రెండుసార్లు చదివి, జాబితాలో మొదటి పేరైన క్యార్తాన్‌కి ఫోన్ చేసి చెప్పింది. ఆయన పెద్ద పట్నంలో ఉంటాడు. తొమ్మిది మంది వద్దనేవాళ్ళు మనకి వేస్తున్నారంటే ఈ మాట రెండువైపులా తెరుచుకునే తలుపు అన్నాడట. మర్నాడే జాబితాలో ఉన్నవాళ్ళందరికీ కబురు పెట్టాడు. పోలింగ్ ముగిసేదాకా ఎవరూ సొంత అభిప్రాయం చెప్పకూడదు. భార్యకీ భర్తకీ కూడా.

అది జరిగిన రెండు రోజులకే నాన్న బంగాళాదుంపల మీదుగా అమ్మని ఆ ప్రశ్న అడిగాడు.

*

మధ్యాహ్నానికి అమ్మ పార్టీ కాఫీ పెట్టిన సమావేశ మందిరం నిండిపోయింది. అట్లు నూట యాభై దాకా అయిపోయాయి. పొగబెట్టిన గొర్రెమాంసం పెట్టిన రొట్టెలు ఒక్కటీ మిగల్లేదు. పాత పార్టీ వాళ్ళ కాఫీ వీధి చివర ఇంకో హాల్లో. జనం అక్కడ కేకు తిని ఇక్కడికీ, ఇక్కడ అట్టు తిని అక్కడికీ తిరుగుతున్నారు. ఎవరు ఎవరికి వేశారో కప్పుల్లోంచి కనబడదు కదా.

తాతయ్య మూడో అట్టు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పొద్దున తొమ్మిదింటికి తలుపు తీయగానే ఓటు వేసిన మొదటివాడు ఆయనే. కళ్ళు మెరుస్తున్నాయి.

"ఒక రహస్యం చెప్తా, పిల్లా. మీ అమ్మకి రాత్రి లెక్క అయ్యాక నువ్వే చెప్పు. నేను చెప్తే గొప్పలు పోతున్నా అనుకుంటుంది."

చెప్పమన్నాను.

"ఎక్స్ గుర్తు మా పార్టీకే వేశా. యాభై రెండేళ్ళ అలవాటు, చెయ్యి ఇంకోవైపు పోదు. కానీ పెన్సిల్ కింద పెట్టలేదు. మీ అమ్మ జాబితాలోకి వెళ్ళి ఆమె పేరు ముందు 1 అని వేశా. మూడో చోటు నుంచి మొదటి చోటుకి ఎక్కించేశా." అట్టు మడిచి నోట్లో పెట్టుకున్నాడు. "పార్టీకి పార్టీ, మనిషికి మనిషి. తొట్టిలో మావాళ్ళందరికీ ఎప్పుడో చెప్పా ఈ కిటుకు. హ్రోల్ఫూ వాళ్ళూ ఈత అయ్యాక వెళ్ళి అట్లాగే వేస్తారు."

దీని గురించి బడి గోడ మీద ఏదో చదివిన గుర్తు. కాఫీ జగ్గు అక్కడే వదిలేసి బడికి పరుగెత్తాను. పోలింగ్ మా బడిలోనే. చిన్నపిల్లలు వేసిన తిమింగలాల బొమ్మల కింద, నడవ గోడ మీద, వారం నుంచీ ఒక కాగితం అంటించి ఉంది. నేను రోజూ దాని పక్కనుంచే క్లాసుకి వెళ్ళేదాన్ని.

ఒక్క జాబితా ముందే ఎక్స్ వేయాలి. ఆ జాబితాలోని పేర్లనే దిద్దవచ్చు. వేరే జాబితా మీద ఏ గుర్తు పెట్టినా ఆ ఓటు చెల్లదు.

మూడుసార్లు చదివాను. తర్వాత నా తొమ్మిది గీతలు గుర్తొచ్చాయి. హాల్దిస్‌కి వేస్తాం అంటే ఆమె జాబితాకి ఓటు వేస్తామని అనుకున్నాను నేను. వాళ్ళు వేస్తామన్నది 1 అనే అంకె. అమ్మ నోరు మూసుకున్నది ఆ అంకె కోసం. నాన్న షెడ్డులో పడుకున్నది కూడా.

*

మందిరం వెనక వంటగదిలో అమ్మ కప్పులు కడుగుతోంది. నేను చెప్పడం మొదలుపెట్టాక కుళాయి కట్టేసింది. మొత్తం చెప్పాను. నా లెక్క తప్పని కూడా చెప్పాను. చేతులు తుడుచుకుని క్యార్తాన్‌కి ఫోన్ చేసింది. ఆయనది పెద్ద గొంతు, పక్కన ఉన్నవాళ్ళకి కూడా వినబడుతుంది.

మొదట నవ్వాడు. తర్వాత ఆలోచించాడు.

"ఒక్క నిమిషం ఆగు, హాల్దిస్. చెల్లకుండా పోయేవి ఎవరి ఓట్లు? వాళ్ళవే. ఎక్స్ వాళ్ళ పార్టీకే కదా వేస్తున్నారు. పోయినసారి మనం పోగొట్టుకున్నది పదకొండు. నువ్వేమీ చెయ్యక్కర్లేదు. కాఫీ పోస్తూ ఉండు."

నేను అలా ఆలోచించలేదు. ఆయన చెప్పాక లెక్క సరిగ్గానే కనిపించింది. పాత పార్టీ కుప్పలోంచి తొమ్మిది కాగితాలు తీసి పక్కన పెట్టినట్టే. అబద్ధం ఆడక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఊరుకోవడం నాకు బాగా వచ్చిన పని. అమ్మకి కూడా ఈ రెండు వారాల్లో అలవాటైపోయింది.

ఫోన్ పెట్టేశాక అమ్మ చాలాసేపు కిటికీలోంచి చూసింది. కొలను వైపు ఆవిరి లేస్తోంది.

"వాళ్ళెవరూ నన్ను ఓడించాలని కాదు కదా అలా వేస్తోంది," అంది చివరికి.

"నేను వెళ్ళి చెప్పనా?" అన్నాను. అన్నాక భయం వేసింది. తొట్టిలో ఆ ముసలాళ్ళందరి ముందు నిలబడి నేను గొంతు విప్పడం నాకే ఊహకి అందలేదు.

"నువ్వు లెక్కపెట్టావు, చాలు. చెప్పాల్సింది నేను." ఏప్రన్ విప్పి కుర్చీ మీద వేసింది. "మన తువ్వాళ్ళు కారులోనే ఉన్నాయా?"

*

పోలింగ్ రోజు అభ్యర్థి ఈతకి రావడం రాగ్నాకి నచ్చలేదు. యూరప్ కావాలని ఊళ్ళో అందరికంటే గట్టిగా చెప్పేది ఆమే. అమ్మ కోసం ఇల్లిల్లూ తిరిగింది. ఓట్లు వదిలేసి నీళ్ళలోకి ఏంటి అని గొణిగింది. అయినా సబ్బు సీసా చేతికిచ్చింది.

తొట్టిలో మాకంటే ముందే వచ్చేసిన తాతయ్య, హ్రోల్ఫ్, ఇంకో ముగ్గురు. అమ్మని చూసి జరిగి చోటిచ్చారు. హ్రోల్ఫ్ అట్లు బాగున్నాయన్నాడు. ఒక్కటి మాత్రం మాడిందట అన్నాడు. అది నేను తిన్నానే అన్నాడు తాతయ్య. అందరూ నవ్వారు. నేను మూలన నీళ్ళలోకి గడ్డందాకా దిగాను.

అమ్మ నవ్వు ఆగేదాకా ఉండి చెప్పింది. ఎక్కడా గొంతు పెంచలేదు. సూది వేసేముందు రోగికి చెప్పినట్టు చెప్పింది. ఒక జాబితాకి ఎక్స్ వేసి ఇంకో జాబితాలో అంకె వేస్తే ఆ కాగితం లెక్కలోకి రాదు, ఇంకా వేయనివాళ్ళు ఏదో ఒకటే చెయ్యండి, అని.

"ఎవరు చెప్పారు?" అన్నాడు హ్రోల్ఫ్.

"బడి గోడ మీద రాసి ఉంది."

"గోడ మీద రాసింది ఎవరు చదువుతారు?"

ఎవరూ నవ్వలేదు. అందరూ తాతయ్య వైపు చూడకుండా ఉండటానికి సముద్రం వైపు చూశారు. తాతయ్య నీళ్ళ కింద తన చేతిని చూసుకుంటున్నాడు, పెన్సిల్ పట్టుకున్న చెయ్యి.

"తుఫానులో ట్రాక్టరు మీద వెళ్ళి వేశా ఒకసారి," అన్నాడు. "మీ అత్తయ్య చనిపోయిన వారంలో కూడా వెళ్ళి వేశా. యాభై రెండేళ్ళలో ఇవాళ మొదటిసారి నా ఓటు ఎవరికీ పోలేదన్నమాట."

"నాకు ముందే చెప్పి ఉంటే..." అంది అమ్మ.

"ముందే చెప్పడం మన ఇంట్లో ఎవరికుంది?" కోపంగా అనలేదు. అలిసిపోయినట్టు అన్నాడు. తర్వాత తల ఎత్తి అమ్మని సూటిగా చూశాడు. "ఒకటి చెప్తా విను. నా ఓటు చెల్లకుండా పోయింది. నేనిప్పుడు నీకూ పనికిరాను, వాళ్ళకీ పనికిరాను. నాతో నిజం చెప్తే నీకు పోయేదేమీ లేదు. రేపు ఆ ఓటు వస్తే నువ్వు ఎటు, హాల్దిస్?"

పోయేదేమీ లేదని ఆయన అన్నాడు కానీ, పక్కనే నలుగురు ఓటు వేయనివాళ్ళు చెవులు నీళ్ళ పైన పెట్టుకుని కూర్చున్నారు. రాగ్నా తువ్వాళ్ళు మడతపెట్టడం ఆపేసింది.

అమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకోలేదు. అది నాకే కొత్తగా అనిపించింది.

"అవుననే వేస్తాను, మామయ్యా."

ఆవిరి వల్ల ఎవరి మొహమూ సరిగా కనబడలేదు. అమ్మే మళ్ళీ అంది. వాళ్ళ చట్టాలు సగం మనం ఇప్పటికే పాటిస్తున్నాం, అవి రాసే గదిలో మనవాళ్ళు ఒకరైనా కూర్చోవాలి అనిపిస్తుంది అంది. మీరంతా వద్దంటే నేను తలవంచుతాను, అందుకే అడుగుదామన్నది. కానీ నా మాట అడిగితే, అవును.

"ఈ మాట స్టెయినార్‌కి ముందు చెప్పాల్సింది," అని ఆగింది. "చెప్పలేదు."

హ్రోల్ఫ్ మెల్లగా లేచాడు. ఒంటి మీంచి నీళ్ళు ధారలుగా కారాయి. అడుగుతానంటే ఊరికే అడుగుతావనుకున్నా, జవాబు జేబులో పెట్టుకుని అడుగుతావనుకోలేదు అన్నాడు. మిగతా ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు మెట్లెక్కారు. తిట్టలేదు. వెళ్ళొస్తాం అని మాత్రం అనలేదు.

"ఇన్నాళ్ళు ఆగావు, ఇంకో ఆరేడు గంటలు ఆగలేకపోయావా తల్లీ," అంది రాగ్నా. గెలిచినట్టూ ఓడినట్టూ ఒకేసారి ఉంది ఆమె మొహం.

తాతయ్య ఒక్కడే కదల్లేదు. "అయితే నేను ఆ ఒకటి యూరప్‌కి వేశానా?" అన్నాడు.

"నాకు వేశారు."

"అదే కదా నేను అనుకుంది," అని కాళ్ళు చాపుకున్నాడు.

*

రేవులో నాన్న స్వాలా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని నక్షత్రాలు గీకుతున్నాడు. ఏడు పోయాయి, నాలుగు మిగిలాయి. నా జుట్టు తడిసి, చలికి గడ్డకట్టి టపటపలాడుతోంది. ఒక్కత్తివే ఇంత దూరం నడిచి వచ్చావా అని తన టోపీ తీసి నా తలకి పెట్టాడు.

అంతా చెప్పాను. ఇంత వరసగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. నా నోటుబుక్కు గురించి, తొమ్మిది గీతల గురించి, క్యార్తాన్ పెట్టిన షరతు గురించి కూడా చెప్పాను. అది విన్నప్పుడు గీకడం ఆపాడు.

"అవునందా?"

"అవునంది."

"హ్రోల్ఫ్ ముందే?"

"అందరి ముందూ."

మళ్ళీ గీకడం మొదలుపెట్టాడు. పసుపు పెచ్చు ఒకటి ఊడి నీళ్ళలో పడింది. "తప్పు అది. శుద్ధ తప్పు. దానికి నేను వంద కారణాలు చెప్తా," అన్నాడు. ఒక పక్షి వచ్చి తాడు మీద వాలి, ఎగిరిపోయింది.

"సరే," అన్నాడు. "ఇప్పుడు కనీసం పోట్లాడటానికి ఒక మనిషి ఉంది."

గీకుడు కత్తి డబ్బాలో పడేశాడు. నూనె గుడ్డతో చేతులు తుడుచుకుని షెడ్డులోకి వెళ్ళాడు. వచ్చేటప్పుడు చంకలో దుప్పటి ఉంది. దాన్ని బండి వెనక పడేసి, అట్లు ఇంకేమైనా మిగిలాయా అని అడిగాడు. నాకు తెలియదన్నాను. ముందు బడికి పోదాం అన్నాడు.

బడి గుమ్మంలో ఎప్పటిలాగే బూట్లు విప్పాలి. నాన్న విప్పాడు. పొద్దుటి నీలం మేజోళ్ళే వేసుకున్నాడు. మాకు ముందే హ్రోల్ఫ్ బూట్లు, ఆయన స్నేహితుల బూట్లు అక్కడ ఉన్నాయి. వాళ్ళు నడవలోంచి వస్తూ నాన్నని చూసి తల ఊపారు. నాన్న కూడా ఊపాడు. ఎవరికి వేశారో ఎవరూ అడగలేదు.

నాన్న గోడ మీద కాగితం ముందు ఆగి, చదివాడు. వేలు పెట్టి ఒక్కో వరసా చదివాడు.

"రెండోదాని మీద ఏం గీసినా చెల్లదు, అంతేనా?"

"అంతే."

"ఒక్కదాన్నే పట్టుకోవాలి."

"ఆ ఒక్కదానిలో మాత్రం ఏదైనా దిద్దొచ్చు," అన్నాను.

నన్ను ఒకసారి చూసి, కార్డు చూపించి, కాగితం తీసుకుని తెర వెనక్కి వెళ్ళాడు. నేను తిమింగలాల బొమ్మల కింద నిలబడ్డాను. తెర నేలదాకా లేదు, నీలం మేజోళ్ళు కనిపిస్తున్నాయి. లోపల వేసింది మా క్లాసు బల్లే, నేను రోజూ కూర్చునేది. దానికి ఒక కాలు పొట్టి. గీత గీసినప్పుడల్లా టక్కుమంటుంది.

చాలాసేపు ఏ చప్పుడూ రాలేదు. తర్వాత రెండుసార్లు టక్కుమంది. అది ఎక్స్. ఏ జాబితా ముందో నాకు తెలియదు.

మేజోళ్ళు తెర వైపు తిరిగాయి, మళ్ళీ బల్ల వైపు తిరిగాయి.

మూడోసారి టక్కుమంది. ఒక్క గీత. ఎక్స్ అమ్మ జాబితాకే అయితే, అది అమ్మ పేరు ముందు వేసిన 1 కావచ్చు. అమ్మ పేరు మీద కొట్టిన గీత కావచ్చు. రెండింటికీ పెన్సిల్ ఒక్కసారే కదులుతుంది.

నాన్న బయటికి వచ్చి కాగితం పెట్టెలో వేశాడు. బూట్లు తొడుక్కుంటుంటే ఆయన మొహం చూశాను. పడవ కట్టేసి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. అడుగుదామని నోరు తెరిచాను.

"పద," అన్నాడు. "ఎటు వేశానో మీ అమ్మ నన్ను ముందు అడగాలి."